షంషు ఆడని మొదటి సగం

ఇమాముద్దీన్ సారు నోట్లో ఈల పెట్టుకున్నాడంటే ఆట అయ్యేదాకా తీయడు. చెప్పాల్సిందంతా చేతులతోనే చెబుతాడు. మోకాలు వంచమని తన మోకాలి మీద చరుచుకుంటాడు, తల ఎత్తమని గడ్డం కింద వేలు పెట్టుకుంటాడు. రైల్వే జట్టుకు చాలా ఏళ్ళు ఆడి, మోకాలు దెబ్బతిని, సొంత ఊరు కుప్పం చేరిన మనిషి. మదనపల్లెలో ఒక కాలేజీ వెనకున్న సిమెంటు కోర్టులో జిల్లా పిల్లలకు వేసవి క్యాంపు పెట్టి బాస్కెట్‌బాల్ నేర్పమంటే ఒప్పుకుని వచ్చాడు. అలాంటాయన ఆ ఉదయం ఈల తీసి చేత్తో పట్టుకునేసరికి, ఎవరికో మూడిందనుకుని పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

ఆయన షంషున్నీసా వైపు చెయ్యి చూపించాడు. "ఈ పాపను సూడండి. రోజా ఉండాది. తెల్లారకముందు ఇంత తినింది, మళ్ళా పొద్దుగూకినాకే తినేది. గొంతులో చుక్క నీళ్ళు పొయ్యకుండా మీతో సమానంగా ఉరకతాండాది. మీరేమో గుడ్లు తిని పాలు తాగి, రెండు రౌండ్లకే నాలిక బయటేస్తాండారు."

అది ఎనభై ఆరో సంవత్సరం మే నెల. ఎండలూ రంజానూ ఒకేసారి వచ్చి పడ్డాయి. సారుకూ రోజానే. మాట్లాడితే పెదవులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. ఆయన అంతసేపు మాట్లాడటమే ఎక్కువ, ఒకరిని మెచ్చుకోవడం ఇంకా ఎక్కువ. మిగతా ఆడపిల్లలు షంషు వైపు చూసిన చూపులో మెచ్చుకోలేమీ లేదు.

షంషు మాత్రం తల దించుకుని బంతిని పొట్టకు అదుముకుంది. ఆ పొట్టలో మేనత్త కట్టిచ్చిన జొన్నరొట్టె ఉంది. పొద్దున్నే నీళ్ళ తొట్టి వెనక నిలబడి, రొట్టెను నాలుగు ముక్కలు చేసి గబగబా మింగి, దోసిలితో నీళ్ళు తాగి వచ్చింది. మెప్పు వినాల్సిన సమయంలో నేల చీలితే అందులో దూరిపోదామనిపించింది.

ఆ పిల్ల దొంగ రోజా ఉండే రకం కాదు. క్యాంపు మొదలైనప్పటి నుంచి నిఖార్సుగా ఉపవాసం ఉండే ఆడింది. సారు మొదట్లో మెచ్చుకుని ఉంటే ఆ మెప్పు పైసాతో సహా ఆమెదే అయ్యేది. కానీ నిన్న సాయంత్రం ఆమెకు నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు రోజా ఉండకూడదు, నమాజు చదవకూడదు. ఉంటే పుణ్యం రాకపోగా తప్పవుతుంది. పోయిన రోజాలను పండగ తర్వాత తీర్చుకోవాలి. ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలుసు, మగవాళ్ళకూ తెలుసు. తెలుసని మాత్రం ఎవరూ పైకి కనబడనియ్యరు. ఆడవాళ్ళు వంటింటి తలుపు వెనక తిని, మూతి తుడుచుకుని బయటికి వస్తారు. తెల్లవారుజామున అందరితో పాటు సహరీకి లేస్తారు, సాయంత్రం అందరితో పాటు ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. మగవాళ్ళు వంటింట్లోకి వచ్చే ముందు ఒకసారి దగ్గుతారు. ఆ దగ్గు ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. ఇళ్ళు అలా మర్యాదగా నడిచిపోతుంటాయి.

క్యాంపులో వంటింటి తలుపు లేదు. అదీ వచ్చిన చిక్కు.

ఆడపిల్లల్ని చూసుకోవాల్సిన పీటీ టీచరమ్మ కూతురి కాన్పుకని వెళ్ళిపోయింది. మిగిలిన ఆడమనిషి గుడ్లు ఉడకేసే గోవిందమ్మ ఒక్కతే, ఆమెకు చెవుడు. ఆమెకు చెప్పాలంటే కోర్టు అవతలికి కూడా వినబడేట్టు చెప్పాలి. ప్రాక్టీసు అయ్యాక అందరూ ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. షంషు కూడా తెలియకుండానే వెళ్ళి నిలబడింది. గోవిందమ్మ ఆమె వంతు గుడ్డును అలవాటు ప్రకారం పక్కనున్న ఆదిలక్ష్మి ప్లేట్లో వేసి, పోమ్మా నీడలో కూర్చోపో అని జాలిగా కసిరింది. సారు గుడ్ల బకెట్టు పక్కనే ఉన్నాడు. షంషు నీడలో కూర్చుంది.

ఆదిలక్ష్మిది వెంకటగిరికోట దగ్గర పల్లె. వాళ్ళ నాన్న చెనక్కాయలు, టమోటాలు పండిస్తాడు. మనిషి పుల్లలా ఉంటుంది గాని, రోజుకు రెండు గుడ్లు తింటూ వచ్చిన మాట నిజం. వాళ్ళిద్దరిదీ కోర్టులో ఒకే పని. వెనక నుంచి బంతిని కొట్టుకుంటూ తెచ్చి, ఎవరికి ఇవ్వాలో చూసి ఇవ్వడం. సారు వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, బంతి కొడుతూనే, తను ఎన్ని వేళ్ళు చూపిస్తే అంత లెక్క అరవమనేవాడు. బంతి వైపు చూస్తే వేళ్ళు కనబడవు, వేళ్ళు చూస్తే బంతి జారుతుంది. కొద్ది రోజులకే ఇద్దరూ బంతి వైపు చూడటం మానేశారు. జిల్లా జట్టులో ఆ స్థానం మాత్రం ఒకరికే. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు.

"తొట్టి ఎనక ఏమి తింటాంటివి మే?" అని ఆదిలక్ష్మి గుడ్డు పెంకు ఒలుస్తూ అడిగింది. షంషు చుట్టూ చూసి, చెవిలో చెప్పింది. ఎవరికీ తెలియకూడదని కూడా అంది.

ఆదిలక్ష్మికి ఇందులో దాచుకునేదేముందో అర్థం కాలేదు. వాళ్ళ ఇంట్లో ఆ మూడు రోజులు చాపా చెంబూ పట్టుకుని వసారాలో కూర్చోవాల్సిందే. నాన్నకు తెలుస్తుంది, అన్నకు తెలుస్తుంది, పాలు పోసేవాడు కూడా చూసి దూరంగా తిరిగి పోతాడు. క్యాంపులో ఆ బాధ లేదు, ఎవరితోనైనా కలిసి తినొచ్చు, ఎక్కడైనా పడుకోవచ్చు అని ఆమె సంబరం. వీధిలో మగవాళ్ళందరికీ తెలిసేట్టు కూర్చోవడమా అని షంషు నోరు తెరిచింది. ఆకలేస్తున్నా మూతి తుడుచుకుని తిరగడమా అని ఆదిలక్ష్మి నోరు తెరిచింది. పాపం అని ఒకరినొకరు జాలి పడ్డారు. ఆదిలక్ష్మి సగం గుడ్డు అరచేతిలో దాచి ఇచ్చింది. షంషు తల అటు తిప్పి నోట్లో వేసుకుంది.

ఆమెకు దక్కాల్సింది గుడ్డు కాదు. తండ్రి ఘని పుంగనూరులో జీపులకూ లారీలకూ సీట్లు కుడతాడు. ఇంటర్ చదివిన ఆడపిల్లను పొట్టి చేతుల జాకెట్ల వాళ్ళతో ఆటకు పంపుతావా అని నలుగురూ అడిగితే, రోజా ఒక్కటి కూడా పోకుండా ఆడుతుంది నా బిడ్డ, చూడండి అని పందెం వేసినట్టు చెప్పి పంపాడు. మదనపల్లెలో ఉన్న తన చెల్లెలు బీబీజాన్ ఇంట్లోనే ఉండాలన్నాడు. జిల్లా జట్టులో పేరు వస్తే ఆ కాలేజీలో ఫీజు లేకుండా డిగ్రీ సీటు, హాస్టలు ఇస్తారు. పేరొస్తే చదివిస్తాను, రాకపోతే ఇక ఇంటికి రా, రెక్సిన్ కత్తిరించడానికి మనిషి లేడు అన్నాడు. ఘని మాటంటే మాటే, అటైనా ఇటైనా. ఎల్లుండి ట్రయల్ మ్యాచ్. చూడ్డానికి ఆయన కూడా వస్తున్నాడు.

మరుసటి రోజు ఎండ పెళపెళలాడింది. మగపిల్లల వంతులో కుప్పం నుంచి వచ్చిన ముక్తియార్ అనే కుర్రాడు రింగు కింద ఎగిరి, దిగడం మాత్రం కాళ్ళ మీద దిగలేదు. వాడికీ రోజానే. తల సిమెంటుకు తగిలి చిట్లింది. ఇమాముద్దీన్ సారు కుంటి మోకాలితోనే వాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి కాలేజీ పెద్దలు గేటు దగ్గరే ఉన్నారు. పిల్లలకు ఏమైనా అయితే ఎవరు జవాబుదారీ, మీ నియమాలు మీ ఇంట్లో పెట్టుకోకూడదా అని పిల్లల ముందే గట్టిగా అడిగారు. రైల్వే జట్టులో కెప్టెన్సీ చేసిన మనిషి, చొక్కా భుజం మీద రక్తం మరకతో, తల వంచుకుని అన్నీ విన్నాడు. చూస్తున్న షంషుకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం ఆయన అందర్నీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు. రోజా ఉన్నవాళ్ళు ఎవరూ ఇక ఎండలో ఆడరు. మగపిల్లల పోటీలు పండగ తర్వాత కాబట్టి వాళ్ళ ట్రయల్ కూడా పండగ తర్వాతే పెడతారు. ఆడపిల్లల పోటీలు ముందే ఉన్నాయి కాబట్టి వాళ్ళ ట్రయల్ రేపే జరుగుతుంది. మగపిల్లల్లో రోజా ఉన్నవాళ్ళు చాలామంది. ఆడపిల్లల్లో ఒక్కతే. ఒక్కదాని కోసం, జట్టును ఎంచడానికి చిత్తూరు నుంచి వచ్చే పెద్దల్ని ఆపలేరు కదా. ఆయన షంషు పేరు చెప్పలేదు, ఆమె వైపు చూడలేదు కూడా. అందరూ మాత్రం చూశారు.

బంతులు సంచిలో వేసి తాడు బిగిస్తున్న సారు దగ్గరికి షంషు ఒంటరిగా వెళ్ళింది. నాకేమీ కాదు సార్, నేను ఆడగలను సార్ అంది.

"నిన్న రేత్రి ముక్తియారు కూడా అదే అన్న్యాడు తల్లీ," అన్నాడాయన. "రోజా వదిలేయమని నా నోటితో నేను చెప్పను, ఆ పాపం నాకొద్దు. ఉంటానంటే మాత్రం ఆడనీను. మీ నాయన నన్ను నమ్మి నిన్ను పంపించినాడు."

రేపు నాకు రోజా లేదు సార్. ఇంతే చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎందుకు లేదని అడిగితే? ఆట కోసం వదిలేశాననుకుంటే తను ఇన్నాళ్ళు పడిన కష్టమంతా మట్టిపాలు. అసలు కారణం ఊహిస్తే రేపటి నుంచి ఆయన ముఖం ఎట్లా చూడాలి? ఇంట్లో ఆడవాళ్ళు వాళ్ళల్లో వాళ్ళు 'నమాజు లేదు' అనుకుంటారు. ఆ ఒక్క ముక్క అంటే చాలు, ఆయనకు తెలిసిపోతుంది. కానీ ఎండిన పెదవులతో, రక్తం మరకతో నిలబడిన ఆయన అచ్చం తన పెదనాన్నలాగే ఉన్నాడు. పెదనాన్నతో ఎవరైనా ఆ మాట అంటారా? చెబితే సిగ్గు, చెప్పకపోతే నష్టం. ఇంతకీ ఆయనకు భార్య లేదా, అక్కచెల్లెళ్ళు లేరా, ఆడపిల్ల నెలంతా రోజా ఉండదని ఆయనకు తట్టదా? తట్టీ తట్టనట్టు ఉన్నాడా? తట్టి కూడా మర్యాద కోసం మూసిపెట్టుకుంటే, ఆ మర్యాద తన కొంప ముంచుతోందని ఆయనకెవరు చెబుతారు? షంషు అక్కడే నిలబడి తాడు ముడి చూస్తూ ఉండిపోయింది. సారు సంచి భుజాన వేసుకుని, ఇంటికి పో తల్లీ, ఇఫ్తారు వేళయింది అన్నాడు.

సారు ఆడనివ్వనన్న సంగతి బీబీజాన్‌కు చెబితే ఆవిడ నెత్తి కొట్టుకుంది. దేవుడే మాఫీ చేసిన దాన్ని మనుషులతో చెప్పుకోవడమెందుకని గొణిగింది. పోనీ వెళ్ళి నువ్వే సారుతో చెప్పత్తా అంటే, పరాయి మగవాడితో నేనా అని తలుపు చాటుకు పోయింది. ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేకపోయినా చాటుకు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఘని పుంగనూరు బస్సు దిగి నేరుగా కోర్టు దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, నెత్తిన తువ్వాలు. సూదులు గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్ళతో సారు చేతులు రెండూ పట్టుకున్నాడు. మీ బిడ్డ రోజాతో ఆడిన ఆట నేను రైల్వేలో కూడా చూడలేదు భాయ్ అని సారు అంటే, ఘని ముఖం వెలిగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడిందా లేదా అని కూడా చూసుకున్నాడు. ఆ తర్వాత సారు మెల్లగా నిన్నటి సంగతి, ఈరోజు నియమం చెప్పాడు. ఘని తువ్వాలు సర్దుకుని పోయి కోర్టు పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

చిత్తూరు పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. ఆడపిల్లలు రెండు జట్లుగా నిలబడ్డారు. ఒక జట్టుకు ఆదిలక్ష్మి బంతి తెస్తుంది. రెండో జట్టులో షంషు నిలబడింది, చున్నీ నడుముకు బిగించి, కాన్వాసు బూట్ల తాళ్ళు రెండు ముళ్ళు వేసి. ఎవరైనా ఆపేదాకా నిలబడదామని తెగించింది. సారు ఆమె ముందుకొచ్చి ఆగాడు. ఈల తీశాడు.

"రోజా ఉండావా, లేదామ్మా? ఉన్నదున్నట్టు చెప్పు."

కానుగ చెట్టు కింద అరుగు మీద ఘని లేచి నిలబడ్డాడు. బిడ్డ ఏం చెబుతుందో వినడానికి మెడ ముందుకు చాచాడు. ఆ చాచిన మెడను చూసిందో లేదో, షంషు నోట్లో నుంచి మాట దానంతటదే వచ్చింది.

"ఉండాను సార్."

అబద్ధం ఆడింది. రోజా లేకుండా ఉండటం తప్పు కాదు, రోజా ఉందని అబద్ధమాడటమే తప్పు. తప్పు కాని దాన్ని దాచబోయి తప్పు చేసి, పైగా దానికి శిక్షగా ఆట కూడా పోగొట్టుకుంది. ఇందులో ఎవర్ని తిట్టాలో ఆమెకు తెలియలేదు. వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

మొదటి సగం ఆమె చూడాల్సి వచ్చింది. ఆమె బదులు దిగిన పిల్ల బంతిని చూస్తూ కొట్టడం, ఆదిలక్ష్మి వచ్చి దాన్ని ఎత్తుకుపోవడం. మళ్ళీ అదే, మళ్ళీ అదే. ఆదిలక్ష్మి కుడివైపు చూస్తూ ఎడమవైపు బంతి ఇచ్చినప్పుడు పెద్దలు ఒకరి వైపు ఒకరు వంగి ఏదో అనుకున్నారు. షంషు అరికాళ్ళు అరుగు కింద వాటంతటవే కదిలాయి. దప్పిక మొదలైంది. నీళ్ళ తొట్టి అక్కడే, కనబడుతూనే ఉంది. పక్కన తండ్రి. పొద్దున రొట్టె తిన్నప్పుడు తాగిన నీళ్ళే. నిజంగా రోజా ఉన్న రోజుల్లో కూడా నాలుక ఇంతగా పీక్కుపోలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో తాగకూడదని తెలుసు. ఈరోజు తాగొచ్చు.

ఘని తువ్వాలు తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. దాని అంచు దారాలు ఒక్కొక్కటే లాగాడు. పోనీలే బిడ్డా అన్నాడు. మళ్ళీ కొంతసేపటికి, రోజా పోకూడదన్నది నేనే గదా అన్నాడు. ఆ మాట ఆమెతో అన్నాడో తనలో తను అనుకున్నాడో తెలియలేదు. పేరు రాకపోతే చదువు లేదన్నదీ ఆయనే. ఒకే నోటితో రెండు మాటలు ఇచ్చి, రెండూ ఒకదానినొకటి తినేస్తుంటే ఏం చేయాలో ఆయనకూ దారి దొరకనట్టుంది. షంషుకు తండ్రి మీద జాలేసింది, కోపమూ వచ్చింది.

సగం ఆట అయింది. ఆదిలక్ష్మి వగరుస్తూ వచ్చి, ముంత నీళ్ళు తాగి, ఇంకో ముంత నెత్తిన పోసుకుంది. షంషు ఎండిన పెదవులు నాలుకతో తడుపుకోవడం చూసింది. అరుగు వైపు చూసి, సారు వైపు చూసి, నీళ్ళు కారుతున్న జడ పిండుకుంటూ సారు దగ్గరికి నడిచింది. బస్సు వచ్చిందని చెప్పేంత మామూలుగా చెప్పింది.

"సార్, షంషుకు ఈ దినాల్లో ఒక్కపొద్దు ఉండకూడదంట. మా ఇండ్లల్లో మూడు దినాలు వసారాలో కూసుంటామే, అది సార్. మీకు చెప్పేదానికి సిగ్గుపడి చస్తాండాది."

షంషు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సారు గబుక్కున ఈల నోట్లో పెట్టుకున్నాడు, ఆట ఏమీ జరగకపోయినా. మెడ దాకా ఎర్రబడ్డాడు. ఘని దగ్గాడు. దగ్గి, లేచి, అటు గేటు వైపు తిరిగి, ఎవరో పిలిచినట్టు నాలుగడుగులు నడిచి, ఎవరూ పిలవలేదు కాబట్టి అక్కడే ఆగిపోయాడు.

సారు షంషు ముఖం వైపు చూడకుండా చెయ్యి చాచి ముందు నీళ్ళ తొట్టిని చూపించాడు, తర్వాత కోర్టును చూపించాడు.

రెండో సగం షంషు ఎట్లా ఆడిందో ఆమెకు తర్వాత సరిగ్గా గుర్తులేదు. కోపం మాత్రం గుర్తుంది. కోపమంతా ఆదిలక్ష్మి మీద. ఈ మనిషి నాన్న ముందు, సారు ముందు, అంతమంది ముందు! బంతి ఆదిలక్ష్మి చేతిలో పడటమే ఆలస్యం, షంషు ఆమె మీద నీడలా పడేది. ఆమె కుడివైపు చూస్తే ఎడమవైపు చెయ్యి పెట్టేది, ఎందుకంటే ఆ ఎత్తు వాళ్ళిద్దరూ కలిసి నేర్చుకున్నదే. ఆదిలక్ష్మి ఒళ్ళు తిప్పి బంతిని దాచుకోబోయిన ప్రతిసారీ కింది నుంచి చెయ్యి వచ్చి దాన్ని ఎగరగొట్టింది. తెచ్చి తన జట్టువాళ్ళకు ఇచ్చింది, తనే ఉరికి రెండడుగుల మీద లేచి రింగులో వేసింది. పెద్దలు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఆట ముగిసేసరికి ఆదిలక్ష్మి మోచేయి గీరుకుపోయి ఉంది, షంషు జట్టు ఇంకా వెనకే ఉంది, కానీ ఎవరూ స్కోరు చూడలేదు.

పేర్లు సారే చదివాడు. షంషున్నీసా పేరు వచ్చింది. ఆదిలక్ష్మి పేరు రాలేదు.

సంచీలు సర్దుకునే గదిలో ఇద్దరే మిగిలారు. ఆదిలక్ష్మి తడిబట్టలు కుక్కుకుంటోంది, ముక్కు ఎర్రగా ఉంది. షంషు గుమ్మంలో నిలబడింది. తిట్టాలని వచ్చింది.

"యాల చెప్పినావు?" అంది.

"చెప్పకపోతే నువ్వు ఆడేదానివా?"

"నీ పేరు పాయ గదా."

ఆదిలక్ష్మి జిప్పు లాగింది, అది పడలేదు, మళ్ళీ లాగింది. "పోతాదనుకోలా మే. రెండు దినాలుగా నువ్వు సరిగ్గా తినలా, ఆడినా నేనే గెలుస్తాలే అనుకున్యా," అని నవ్వబోయి, నవ్వు సగంలో ఏడ్చేసింది. షంషు ఆమె పక్కన కూర్చుంది. ఈ మనిషి తనకు చేసింది మేలో, మర్యాద తీయడమో, రెండూనో తేల్చుకోలేకపోయింది. మేలు చేసినంత మాత్రాన కోపం తగ్గలేదు. కోపం ఉన్నంత మాత్రాన జిప్పు పట్టి లాగి వేయకుండా ఉండలేకపోయింది. ఇద్దరూ కలిసి లాగితే పడింది. వెంకటగిరికోట బస్సుకు వేళయిందని ఆదిలక్ష్మి ముక్కు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.

ఘని గేటు దగ్గర ఉన్నాడు. కూతురు రాగానే ముందు నడిచాడు. బస్టాండు దాకా ఆయన ముందు, ఆమె వెనక. పేరు వచ్చినందుకు సంతోషం ఆయన నడకలో కనబడలేదు. అబద్ధం చెప్పినందుకు కోపమా? అందరి ముందు ఆ మాట వినాల్సి వచ్చినందుకా? ఇచ్చిన మాట ప్రకారం ఇప్పుడు చదివిస్తాడా, రోజా పోయింది కాబట్టి ఆ మాట చెల్లదంటాడా? ఆయన వీపు చూస్తూ నడుస్తుంటే షంషుకు ఒక్కటీ తెలియలేదు. జిల్లా జట్టులో పేరు వచ్చిన పిల్ల కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచింది.

బస్టాండులో పుంగనూరు వాళ్ళు చాలామంది ఉన్నారు. మసీదులో ఘని పక్కన నిలబడి నమాజు చదివే చెప్పుల షాపాయన, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఇఫ్తారుకు కట్టుకున్న పండ్ల పొట్లాలు వాళ్ళ ఒళ్ళో ఉన్నాయి. సలాములయ్యాయి. ఘని స్తంభం పక్కన నిలబడి, రోడ్డు వైపు చూస్తూ, కూతుర్ని చూడకుండానే అడిగాడు.

"అంతసేపూ నా పక్కన దప్పితోనే కూసోనుంటివా?"

"ఊ," అంది షంషు.

ఘని బస్టాండు మూలనున్న రామప్ప అనే ఆయన సోడా బండి దగ్గరికి నడిచి ఒక సోడా అడిగాడు. రామప్ప గోలీ నొక్కాడు. ఆ చప్పుడుకు బల్ల మీద వాళ్ళు ముగ్గురూ తలలు తిప్పారు. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది.

"ఏం ఘని భాయ్," అన్నాడు చెప్పుల షాపాయన. "ఈ పొద్దు రోజా లేదా ఏంది? ఇంగొక్క గంట ఓర్చుకోలేకపోతివా?"

పొద్దున్నుంచి ఉమ్మి కూడా మింగని మనిషి ఘని. ఊరంతటికీ కూతురి రోజాల గురించి చెప్పుకుని తిరిగిన మనిషి. సీసా తడి చేతిలో పట్టుకుని వాళ్ళ ముఖాల వైపు నేరుగా చూశాడు.

"లేదప్పా," అన్నాడు. "ఈ పొద్దు నాకు రోజా లేదు."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని, ఎండలు అలా ఉన్నాయిలే అని ఒకరు, వయసు కూడా వస్తోంది కదా అని ఒకరు సర్దుకున్నారు. చెప్పుల షాపాయన మాత్రం తల అటు తిప్పుకున్నాడు. ఘని స్తంభం దగ్గరికి వచ్చి, వెనక్కి చెయ్యి చాచి సీసా కూతురికి అందించాడు. నెత్తి మీది తువ్వాలు తీసి దుమ్ము దులుపుతున్నట్టు రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుని, ఆమెకూ బల్లకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. షంషు స్తంభం చాటున గుటక గుటకగా తాగింది. గ్యాసు ముక్కుకెక్కి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పుంగనూరు బస్సు వచ్చి ఆగేదాకా ఘని ఇటు తిరగలేదు.